హాఫ్ మాస్క్, నాలుగు రంగుల కాట్రిడ్జ్: తొమ్మిది నెలలు వాడాక

సోమవారం పొద్దున స్టోర్ గది తలుపు తీశాను. ఇంకా ఒక్క సీసా మూత కూడా తియ్యలేదు. మాస్క్ పెట్టుకుని మొదటి ఊపిరి పీల్చగానే అసిటోన్ అనే ద్రావకం వాసన గుప్పుమంది. మాస్క్ తీస్తే వాసన లేదు, మళ్లీ పెట్టుకుంటే ఉంది. గదిలో ఎక్కడా ఏదీ కారలేదు. వాసన వస్తున్నది నా ముక్కుకు అడ్డంగా ఉన్న, గాలిని వడకట్టే కాట్రిడ్జ్ లోంచే. శుక్రవారం మధ్యాహ్నం అదే కాట్రిడ్జ్ పెట్టుకుని పెద్ద డబ్బా లోంచి చిన్న సీసాల్లోకి అసిటోన్ వంపాను. అప్పుడు ఇసుమంత వాసన కూడా లోపలికి రాలేదు. పని అయ్యాక జిప్ కవర్‌లో పెట్టి, మూతి బిగించి ఇంటికి వెళ్లాను.

"బుధవారమే కదా మేడమ్ మార్చింది, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు.

అయిపోలేదు. ఆ కాట్రిడ్జ్‌లో ఇంకా బోలెడు సామర్థ్యం మిగిలే ఉంది. అయినా ఆ పూటకు అది పనికిరాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఈ వస్తువుతో వచ్చిన కరపత్రంలో ఎక్కడా లేదు. అందుకే ఈ రివ్యూ ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్టోర్ చూస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పని. ఆవిరులను బయటికి లాగేసే అద్దాల అర, ఫ్యూమ్ హుడ్, ల్యాబ్‌లో ఉంది కానీ స్టోర్‌లో లేదు. అసిటోన్, టోలీన్, గాఢ అమోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం లాంటివి సర్దేటప్పుడు, ఒలికినది తుడిచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. నేను కొన్నది ముక్కూ నోరూ మాత్రమే కప్పే సిలికోన్ హాఫ్ మాస్క్, దానికి రెండు పక్కలా తిప్పి బిగించే కాట్రిడ్జ్‌ల జత. కాట్రిడ్జ్ చుట్టూ గోధుమ, బూడిద, పసుపు, ఆకుపచ్చ పట్టీలు ఉంటాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 14387 ప్రకారం గోధుమ రంగు 'ఏ' రకం, అంటే 65 డిగ్రీల సెల్సియస్ పైన మరిగే సేంద్రియ ఆవిరులకు. బూడిద రంగు 'బీ', క్లోరిన్ లాంటి అకర్బన వాయువులకు. పసుపు 'ఈ', సల్ఫర్ డయాక్సైడ్‌కు. ఆకుపచ్చ 'కే', అమోనియాకు. నాలుగూ ఒకే డబ్బాలో ఉండేసరికి ఒక్కటి కొంటే చాలనుకున్నాను.

మాస్క్ గురించి ముందు త్వరగా చెప్పేస్తాను. సిలికోన్ మెత్తగా ఉంది, ముక్కు దూలం దగ్గర బాగా అతుక్కుంటుంది. అరచేతులతో కాట్రిడ్జ్‌లు మూసి ఊపిరి పీలిస్తే మాస్క్ మొహానికి లాక్కుంటుంది, అంటే పక్కలనుంచి గాలి రావడం లేదన్నమాట. ఈ పరీక్ష రోజూ చేస్తాను. గంట దాటితే మెడ దగ్గర పట్టీ కొంచెం కోస్తుంది. కళ్లద్దాలకు ఇబ్బంది లేదు. అమోనియాతో పనిచేసేటప్పుడు కళ్లు కప్పే గాగుల్స్ విడిగా పెట్టుకోవాల్సిందే, ఇది కళ్లను కాపాడదు. మాస్క్ వరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు సంగతి కాట్రిడ్జ్ లోపల ఉండే నల్లటి గుళికలది. అందులో ఉండేది ఉత్తేజిత బొగ్గు. ఒక్క గ్రాము తీసుకుంటే లోపలి రంధ్రాల గోడలన్నీ కలిపి వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటాయి, అంటే దాదాపు నాలుగు టెన్నిస్ కోర్టులంత. గాలితో పాటు వచ్చిన అణువులు ఆ గోడలకు అంటుకుంటాయి. ఇది స్పాంజి నీళ్లు పీల్చినట్టు లోపలికంటా ఇంకిపోవడం కాదు, పైన అంటుకోవడం. అందుకే పుస్తకాల్లో దీన్ని శోషణం అనకుండా అధిశోషణం అంటారు. ఆ అంటుకోవడంలో మళ్లీ రెండు రకాలు. భౌతికం ఒకటి, రసాయనికం ఒకటి. పరీక్షల కోసం అందరం బట్టీ పట్టిన తేడానే ఇది. నాకు మాత్రం ఆ సోమవారం పొద్దున, మాస్క్ పెట్టుకున్నాకే ఒంటికి తెలిసింది.

అసిటోన్‌ది భౌతిక అధిశోషణం. బొగ్గుకూ అసిటోన్‌కూ మధ్య కొత్త బంధమేదీ ఏర్పడదు. అణువులన్నిటి మధ్యా ఉండే బలహీనమైన ఆకర్షణే దాన్ని పట్టి ఉంచుతుంది. ద్రవంలో అణువులను ఒకదాని పక్కన ఒకటి నిలిపేది కూడా అదే జాతి ఆకర్షణ. మరిగే ఉష్ణోగ్రత చూసి కాట్రిడ్జ్ రకం నిర్ణయించడంలో ఉన్న కిటుకు ఇదే. తేలిగ్గా మరిగేది బొగ్గును కూడా తేలిగ్గానే వదిలేస్తుంది. టోలీన్ 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బొగ్గు దాన్ని బాగానే పట్టుకుంటుంది. అసిటోన్ 56 దగ్గరే మరుగుతుంది. అంటే అది గోధుమ పట్టీ 'ఏ' కిందికి రానే రాదు, దానికి 'ఏఎక్స్' అనే వేరే కాట్రిడ్జ్ ఉంది, అదీ ఒక్కసారి వాడి పారేయాల్సిందే. ఈ '65 డిగ్రీలు' అన్న మాట నా కరపత్రంలో మూడో పేజీ అడుగున, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మినవాళ్ల వివరణలో మాత్రం 'అన్ని ద్రావకాలకూ' అని పెద్దగా ఉంది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. చిన్న అక్షరాలు చదవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. 'అన్ని' అన్న మాట మాత్రం అబద్ధం.

శుక్రవారం రాని వాసన సోమవారం ఎలా వచ్చింది? దీనికి ఒక స్థూలమైన లెక్క ఉంది. చదునైన ఉపరితలం మీద, గది ఉష్ణోగ్రత దగ్గర, ఒక అణువు అంటుకుని ఎంతసేపు ఉంటుందన్నది దాన్ని ఊడదీయడానికి కావలసిన శక్తిని బట్టి ఉంటుంది. ఆ శక్తి మోల్‌కు 40 కిలోజౌల్‌లు అయితే అణువు అక్కడ నిలిచేది సెకనులో పది లక్షల్లో ఒక వంతు. 80 అయితే ఎనిమిది తొమ్మిది సెకన్లు. 100 అయితే ఏడు గంటలు. 120 అయితే రెండున్నర సంవత్సరాలు. ఈ అంకెలు కాగితం మీద వేసుకున్న రోజు నేను చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. 100 నుంచి 120కి పెరిగింది ఐదో వంతే, కాలం మాత్రం ఒక పూట పనినుంచి ఏళ్లకు వెళ్లిపోయింది. భౌతిక అధిశోషణంలో ఈ శక్తి సాధారణంగా 20 నుంచి 40 దాకా, రసాయనికంలో 80 పైన ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

అయితే సెకనులో పది లక్షల్లో ఒక వంతు మాత్రమే నిలిచే అసిటోన్‌ను కాట్రిడ్జ్ అసలు ఎలా ఆపింది? రంధ్రాల వల్ల. చాలా రంధ్రాల వెడల్పు రెండు నానోమీటర్ల లోపే. అక్కడ రెండు పక్కల గోడలూ ఒకేసారి లాగుతాయి, కాబట్టి పట్టు పెరుగుతుంది. ఒక గోడనుంచి ఊడిన అణువు వెంటనే ఇంకో గోడకు తగులుకుంటుంది. ఊడుతూ అంటుకుంటూ మెల్లగా జరుగుతుంది తప్ప గాలితో పాటు నేరుగా బయటికి రాలేదు. పని చేస్తున్న అరగంటలో అది కాట్రిడ్జ్ ముందు వరుసల్లోనే ఉండిపోతుంది. శుక్రవారం రాత్రి, శనివారం, ఆదివారం మాత్రం దానికి కావలసినంత సమయం దొరికింది. ఎవరూ ఊపిరి పీల్చకపోయినా, ఎక్కువ ఉన్న చోటినుంచి తక్కువ ఉన్న చోటికి పాకుతూ నా మొహం వైపు ఉండే వెనక వరుసల దాకా వచ్చేసింది. అదే నా సోమవారం మొదటి ఊపిరి.

ఇక అమోనియా. ఈ కాట్రిడ్జ్ మీద నాకు గౌరవం కలిగింది అమోనియా దగ్గరే.

ఆ సోమవారం తర్వాత కాట్రిడ్జ్‌లను విడదీశాను. ఒక జత మీద 'అమోనియా మాత్రమే' అని టేపు వేసి రాశాను. ఐదు వారాల పాటు, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాల చొప్పున వాడాను. ఎన్ని శనాదివారాలు గడిచినా సోమవారం పొద్దున దాంట్లోంచి వాసన రాలేదు. అమోనియా వాసన చాలా కొంచెం ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది, గాలిలో పది లక్షల పాళ్లకు ఐదు పాళ్ల దగ్గరే పసిగట్టగలం. అలాంటిది ఒక్కసారి కూడా రాలేదు.

కారణం, అమోనియాను పట్టేది ఒట్టి బొగ్గు కాదు. బొగ్గు ఒక్కటే అయితే అమోనియా దగ్గర చేతులెత్తేస్తుంది. అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే వాయువు కదా. 'కే' రకం బొగ్గు గోడలకు ముందే ఒక ఆమ్లమో, జింక్ లాంటి లోహపు లవణమో పట్టిస్తారు. నా కాట్రిడ్జ్‌లో ఏది వేశారో తయారీదారు చెప్పలేదు. ఏదైనా పని ఒకటే. అమోనియాలోని నైట్రోజన్ మీద ఏ బంధంలోనూ లేని ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. ఆమ్లం ఎదురైతే ఆ జంటతో ఒక ప్రోటాన్‌ను పట్టుకుని అమోనియం అయాన్‌గా మారిపోతుంది. జింక్ అయాన్ ఎదురైతే ఆ జంటను దానికి ఇచ్చి బంధం కట్టేసుకుంటుంది. ఇక అక్కడ ఉన్నది గోడకు ఆనుకున్న అమోనియా కాదు, వేరే పదార్థం. పాకడానికి, ఆవిరవడానికి అది అమోనియాగా మిగల్లేదు.

ఇది నమ్మకం మీద వదిలెయ్యబుద్ధి కాలేదు. పనైపోయిన రెండు పాత కాట్రిడ్జ్‌లు, ఒకటి అసిటోన్‌ది, ఒకటి అమోనియాది, ఫ్యూమ్ హుడ్ కింద గ్లవ్స్ వేసుకుని కోశాను. పైన తెల్లటి మడతల ఫిల్టర్, కింద మిరియాల కంటే చిన్న నల్లటి గుళికలు. ఒక్కోదాంట్లోంచి రెండేసి చెంచాల గుళికలు రెండు టెస్ట్ ట్యూబుల్లో వేసి, సుమారు 65 డిగ్రీల నీళ్లలో నిలబెట్టాను. మూడు నిమిషాలు కాకముందే అసిటోన్ ట్యూబు పైభాగాన లోపలి గాజు మీద సన్నటి చెమట పట్టింది. చేత్తో కొంచెం విసిరి చూస్తే అదే తియ్యటి ఘాటు. రెండో ట్యూబు మూతి దగ్గర, అమోనియా తగిలితే నీలమయ్యే తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం పట్టుకున్నాను. పది నిమిషాలకు దాని అంచున లేత నీలి ఛాయ వచ్చింది, అంతకుమించి మారలేదు. ఆ కొంచెం బహుశా బంధం దొరక్క గోడలకు ఊరికే ఆనుకుని ఉన్నది.

తర్వాత అదే ట్యూబులోకి సజల కాస్టిక్ సోడా కొంచెం పోశాను. అర నిమిషంలో కాగితం మొత్తం ముదురు నీలం అయిపోయింది, హుడ్ అద్దం ఇవతల ఉన్న నాకు కూడా వాసన తగిలింది. లవణంలో అమోనియం ఉందో లేదో చూడడానికి విద్యార్థులు చేసే పరీక్షే ఇది, కొత్తదేమీ కాదు. కానీ ఐదు వారాల పాటు నా ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆగిన అమోనియా అది. వేడికి కదల్లేదు. క్షారం వచ్చి ఆ బంధాన్ని తెంపితేనే బయటపడింది. పక్కన నిలబడ్డ కుర్రాడు ఆ కాగితాన్ని నోట్‌బుక్‌లో అతికించుకున్నాడు.

గోడకు ముందే పూసిన రసాయనంతో జరిగే చర్యను అచ్చమైన రసాయన అధిశోషణం అనవచ్చా అని కొందరు అడుగుతారు. మాస్కుల రంగంలో అలాగే అంటారు. ఉపరితలపు పరమాణువులే స్వయంగా బంధం కట్టే ఉదాహరణ కావాలంటే అది కూడా బొగ్గులోనే ఉంది. బాగా చల్లటి బొగ్గు మీద చేరిన ఆక్సిజన్ వేడి చేస్తే ఆక్సిజన్‌గానే తిరిగి వస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర చేరి గట్టిగా పట్టుకున్న ఆక్సిజన్ అలా రాదు. బాగా వేడి చేస్తే కార్బన్ మోనాక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా వస్తుంది. వచ్చేటప్పుడు గోడలోని కార్బన్‌ను కూడా పెకలించుకుని వస్తుందన్నమాట. అంటుకోవడానికీ బంధం కట్టుకోవడానికీ తేడా ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు. ఇలాంటి బంధం ఒక్క పొరతో ఆగిపోతుందని, ఉపరితలం మీద ఖాళీ స్థానాలు నిండితే అంతేనని అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1910ల్లో లెక్కగట్టి చూపించాడు. ఉపరితల రసాయన శాస్త్రంలో చేసిన పనికి 1932లో ఆయనకు నోబెల్ వచ్చింది. నేను సీసాల్లోకి వంపే అమోనియా పుట్టుక కూడా ఇలాంటి బంధంతోనే. హేబర్ పద్ధతిలో నైట్రోజన్ అణువు ఇనుము ఉపరితలం మీద వాలి, రెండు పరమాణువులుగా విడిపోయి ఇనుముతో బంధం కట్టాకే హైడ్రోజన్ దాన్ని అందుకోగలుగుతుంది. ఆ అడుగులన్నీ విడమరిచి చూపిన గెర్హార్డ్ ఎర్టల్‌కు 2007లో నోబెల్ ఇచ్చారు. ఒక ఉపరితలం మీద పుట్టిన అమోనియా నా కాట్రిడ్జ్‌లో ఇంకో ఉపరితలం మీద ఆగుతోంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

రసాయనికంగా పట్టుకోవడంలో ఒక చిక్కు కూడా ఉంది. ఖాళీ స్థానాలు అయిపోతే అయిపోయినట్టే. కాట్రిడ్జ్‌లను ఎండలో పెట్టి 'రీఛార్జ్' చేస్తున్నామని చెప్పేవాళ్లను చూశాను. దయచేసి అలా చెయ్యకండి. అసిటోన్ కొంత ఎగిరిపోవచ్చు, ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలుసుకునే దారి మీ దగ్గర ఉండదు. అమోనియా అయితే ఎండకు కదలదు, ఖర్చైపోయిన ఆమ్లం మళ్లీ పుట్టదు. నా అమోనియా జత ఆరో వారంలో పని మధ్యలో ఉండగా ఘాటు లోపలికి వదిలింది. వెంటనే బయటికి వచ్చేశాను, ఆ జత అక్కడితో చెత్తబుట్టకే.

బరువు తూచి ఆయుష్షు కనిపెట్టవచ్చేమో అని కూడా ప్రయత్నించాను. ముసురు పట్టిన వారంలో, ఒక్కసారి కూడా వాడకుండా మేకుకు తగిలించిన కొత్త కాట్రిడ్జ్ మూడు రోజుల్లో 96.4 గ్రాములనుంచి 98.9కి పెరిగింది. అదంతా గాలిలోని తేమే. ఆ తేమ రంధ్రాల్లో చోటు ఆక్రమిస్తుంది, ద్రావకాల ఆవిరికి చోటు తగ్గుతుంది. కాబట్టి తూకం పనికిరాదు. కవర్ చించిన తేదీ రాసుకోవడం, వాడిన నిమిషాలు రాసుకోవడం, ఇదొక్కటే నాకు నమ్మకంగా కుదిరింది.

ముక్కును నమ్ముకోవడం కూడా అన్నిటికీ కుదరదు. డైక్లోరోమీథేన్ అనే ద్రావకం 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బొగ్గులో నిలవదు, పైగా దాని వాసన మనకు తెలిసేసరికే సురక్షిత పరిమితి దాటిపోయి ఉంటుంది. అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే సంస్థ ఓషా నియమాల ప్రకారం దానితో పనిచేసేటప్పుడు ఇలాంటి కాట్రిడ్జ్ మాస్క్ చాలదు, విడిగా గాలి అందించే మాస్కే ఉండాలి. నేనైతే ఆ సీసా హుడ్ కింద తప్ప ఎక్కడా తెరవను. కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఈ నాలుగు రంగుల్లో ఏదీ ఆపదు. దానికి మాంగనీస్, కాపర్ ఆక్సైడ్‌ల మిశ్రమం హాప్కలైట్ ఉండే వేరే కాట్రిడ్జ్ కావాలి. నాలుగు పట్టీలు చూసి అన్నీ ఆపేస్తుందనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ దగ్గర బాగానే పనిచేసింది, ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. సల్ఫర్ డయాక్సైడ్‌తో నాకు పని పడలేదు, దాని గురించి ఏమీ చెప్పను.

మార్కులంటే, మాస్క్‌కు ఐదుకు నాలుగున్నర. కాట్రిడ్జ్‌కు అమోనియా విషయంలో ఐదుకు ఐదు, టోలీన్‌కు నాలుగు, అసిటోన్‌కు ఒక్కటి. ఆ ఒక్కటీ బొగ్గు తప్పు కాదు, దాని మీద 'అన్ని ద్రావకాలకూ' అని రాసినవాళ్లది. కరపత్రంలో '65 డిగ్రీల లోపు మరిగేవాటికి వాడొద్దు' అని మొదటి పేజీలో పెద్దగా వేయమని తయారీదారుకు రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఇప్పుడు స్టోర్‌లో గాలి చొరబడని డబ్బాలు రెండు పెట్టాను. ఒకదాంట్లో అసిటోన్ కోసం ఏఎక్స్ జతలు, వాడిన రోజే పారేస్తాం. రెండోదాంట్లో ఈ నాలుగు రంగుల జత. నిన్న కొత్తది ఒకటి కవర్ చించి, పక్కన టేపు వేసి, తేదీ రాసి, 'అమోనియా మాత్రమే' అని రాశాను. కింద నిమిషాల లెక్క కుర్రాడు రాస్తున్నాడు. ప్రస్తుతానికి ఇరవై.